బంగారు సర్పిలం గారికి, ఆడిటోరియం వెనక వరుస నుంచి

మహారాజశ్రీ బంగారు సర్పిలం గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. పొడవు వెడల్పుకు 1.618 రెట్లుండే పెట్టెలో (ఆ లెక్కనే బంగారు నిష్పత్తి అంటారు) చుట్టలు తిరిగే గీత మీరు. అందమున్న చోటల్లా మీరున్నారని ఉపన్యాసకులు చెబుతుంటారు. సైన్సు, కళ, చరిత్ర మూడూ కలిపి చెప్పడానికి దేశదేశాలు తిరిగిన అతిథి ఉపన్యాసకులు వస్తున్నారని పోస్టరు పడగానే, మీరూ వస్తున్నారని మాకు అర్థమైపోతుంది. పోస్టరు మీద ఆయన ఫొటో వేస్తారు, ఆయన చూసిన మ్యూజియాల జాబితా వేస్తారు. మీ పేరు మాత్రం ఉండదు. ఇది అన్యాయం. ఆయన జోకులు మారుస్తారు, కోటు మారుస్తారు, మిమ్మల్ని మాత్రం ఎన్నడూ మార్చరు. నిజానికి అతిథి మీరే. ఆయన మీ ల్యాప్‌టాప్ మోసుకొచ్చే మనిషి.

లైట్లు ఆర్పుతారు. ముందు ఏథెన్స్‌లో పార్థినాన్ గుడి. (ఎడమవైపు మూడో వంతు ఆయన టోపీ.) ఒక్క క్లిక్కు కొడితే చాలు, మీరు పసుపు గీతగా వచ్చి గుడి మీద వాలతారు. హాలంతా ‘ఆహా’ అంటుంది. మీ పెట్టె కింది అంచు మెట్ల పైన మొదలైందా, మెట్ల కిందా అని ఎవరూ చూడరు. పైన కప్పు శిఖరం ఎప్పుడో విరిగిపోయింది కాబట్టి మీ పై అంచు ఖాళీ ఆకాశానికి ఆనుకుని ఉంటుంది. అయినా ఎక్కడా తడబడరు, ఆ ధైర్యానికి దండం పెట్టాల్సిందే. గుడి వేదిక కొలిస్తే పొడవు సుమారు 69.5 మీటర్లు, వెడల్పు 30.9. భాగిస్తే 2.25, అంటే 9కి 4. మీ 1.618 ఆ దరిదాపుల్లో లేదు.

తర్వాత నాటిలస్ గవ్వ. మీరు ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి దాదాపు ఏడు రెట్లు పెరుగుతారు. పాపం ఆ గవ్వ మూడు రెట్ల దగ్గరే ఆగుతుంది. అయినా మీ ఇద్దరికీ ఏటా పెళ్లి చేస్తూనే ఉన్నారు.

ఆ తర్వాత మనిషి ఒళ్లు. 1854లో అడాల్ఫ్ జైసింగ్ అనే జర్మన్ పండితుడు, మన ఎత్తును బొడ్డు మీ లెక్కనే పంచుతుందని, మిమ్మల్ని అక్కడ కనిపెట్టారు. అప్పటినుంచి మీకు తిరుగులేదు. నాకు బాగా నచ్చిన కథ మాత్రం ఆర్కిటెక్ట్ లె కార్బూజియెది. మీ లెక్క ప్రకారం భవనాలకు కొలతలు తయారుచేస్తూ ఆయన తన నమూనా మనిషి ఎత్తు 1.75 మీటర్లు అనుకున్నారు. అడుగులు, అంగుళాల్లోకి మారిస్తే లెక్కలు కుదిరి చావలేదు. ఇంగ్లిష్ డిటెక్టివ్ నవలల్లో అందగాళ్లు, పోలీసుల్లాంటివాళ్లు, ఎప్పుడూ ఆరడుగులే కదా అని సహాయకుడొకరు గుర్తుచేశారట. అంతే, విశ్వసౌందర్యం రాత్రికి రాత్రి 1.83 మీటర్లకు ఎదిగింది. ఇంత మంచి కథను మీ వెంట తిరిగే ఉపన్యాసకులు ఒక్కరూ చెప్పరు. చెబితే మీకు కోపం వస్తుందని భయమేమో.

మీకు సొంత ఊరు లేదని నేను అనను. పొద్దుతిరుగుడు పువ్వులో గింజల వరుసలు లెక్కపెడితే ఒకవైపు 34, రెండోవైపు 55 తరచుగా వస్తాయి (భాగిస్తే దాదాపు మీ 1.618). ఒక్కో కొత్త మొగ్గ ముందుదానికి సుమారు 137.5 డిగ్రీల ఎడంగా పుడుతుంది, నిండు చుట్టును మీ నిష్పత్తిలో పంచితే వచ్చే చిన్న ముక్క అదే. అక్కడ మీరు నిజంగానే ఉన్నారు. ఎందుకున్నారో కూడా 1992లో డూయాడీ, కూడే అనే ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్తలు చూపించారు. అయస్కాంత గుణమున్న ద్రవాన్ని చుక్కలు చుక్కలుగా నూనెలో వేస్తే, అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తమంతట తామే ఆ కోణంలో సర్దుకున్నాయి. మంత్రం లేదు, దైవరహస్యం లేదు, చోటు కోసం తోపులాట. ఆ స్లైడు మాకు ఎప్పుడూ ఉండదు. పువ్వు ఫొటో వస్తుంది, ‘ప్రకృతి గణితం’ అన్న మాట వస్తుంది, క్లిక్కు.

ఇక అసలు ఫిర్యాదు. జపాన్ చిత్రకారుడు హొకుసాయి 1831 ప్రాంతంలో, డెబ్బై దాటాక అచ్చువేయించిన పెద్ద అల బొమ్మ ఉంది. ఆ కాగితం ఎత్తు సుమారు 25.7 సెంటీమీటర్లు, వెడల్పు 37.9. అంటే 1.47. మీరు అందులో పట్టరు. పట్టించడానికి బొమ్మను అడ్డంగా సాగదీస్తారు, ఫుజి పర్వతానికి ఒళ్లొస్తుంది. సరే, అదీ ఓర్చుకుందాం. కానీ మీరు సరిగ్గా ఆ నీలం మీద కూర్చుంటారు.

ఆ నీలం సంగతి మీకు తెలుసా? 1706 ప్రాంతంలో బెర్లిన్‌లో డీస్‌బాఖ్ అనే రంగుల తయారీదారు ఎరుపు చేయబోయారు. అరువు తెచ్చిన పొటాష్ అనే క్షారంలో జంతువుల రక్తం తాలూకు మడ్డి కలిసి ఉంది. అది ఇనుముతో కలిసి ఎరుపుకు బదులు చిక్కటి నీలం వచ్చి కూర్చుంది. అదే ప్రష్యన్ బ్లూ. ఓడలెక్కి జపాన్ చేరి, ధర దిగాక హొకుసాయి అల అయింది. 1842లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ చేతిలో ఎండకు అచ్చుపడే ఫొటోగా మారింది. ఒకప్పుడు ఇంజనీర్లు బ్లూప్రింట్ అన్నది దాన్నే. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో రేడియోధార్మిక సీజియం ఒంట్లోకి పోయిన వాళ్లకు ఇదే రంగును మందుగా మింగించారు. ఒక్క రంగులో సైన్సు, కళ, చరిత్ర, ఆసుపత్రి కూడా. పోస్టరు మీద రాసిందంతా అక్కడే, మీ పసుపు గీత కిందే ఉంది.

ఇవన్నీ హాల్లోనే అడిగేద్దామనుకున్నాం. మా పక్క సీటాయన చేయెత్తి, “సార్, ఏ అంచు నుంచి కొలిచారు?” అన్నారు కూడా. “చాలా మంచి ప్రశ్న” అని మెచ్చుకుని ఉపన్యాసకులు తర్వాతి స్లైడుకు వెళ్లిపోయారు. వందన సమర్పణకు టైమైపోయింది. అందుకే ఈ ఉత్తరం. ఆయన మాట వినరు గానీ మీరు వింటారని ఆశ. వచ్చేసారి అల దగ్గరికొచ్చినప్పుడు ఓ పది నిమిషాలు పక్కకు జరగండి. కావాలంటే పొద్దుతిరుగుడు పువ్వు దగ్గర మీకు గంటసేపు ఇద్దాం.

ఇట్లు,
మెడ పట్టేసిన ఒక శ్రోత