ఒత్తులు కనబడని ట్యాబ్ పిల్లల చేతికివ్వకండి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు ఇళ్ళల్లో ట్యాబ్ కొనడం సరదా ఖర్చు కాదు. బళ్ళో ఒడియా, ట్యూషన్‌లో ఇంగ్లీషు, ఇంట్లో మాటలు తెలుగు. చదవడానికి ఏ ఆసరా లేక మిగిలిపోయింది ఆ తెలుగే. ఒడిశా సరిహద్దులో తెలుగు బడుల పరిస్థితి ఈ ప్రాంతం వాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబులు పంచింది. అవి ఆంధ్ర వైపు సరిహద్దు ఊరు పాతపట్నం దాకా వచ్చి ఆగాయి. పక్కనే ఉన్న పర్లాకిమిడి పిల్లలకి అమ్మానాన్నలే కొనిపెట్టుకోవాలి.

కష్టార్జితం పెట్టి కొంటున్నప్పుడు షాపులో ఏం అడగాలి? ప్రాసెసర్ పేరు, కెమెరా మెగాపిక్సెళ్ళు, స్పీకర్లెన్ని అన్నవి కౌంటర్ వెనకున్న కుర్రాడే చెప్తాడు. పాఠ్యపుస్తకం చదవడానికి అవేవీ నిర్ణయించవు. తెలుగు చదువు కోసం కొనే ట్యాబ్‌కి మొదటి ప్రశ్న తెర వెడల్పు. మిగతావన్నీ దాని తర్వాతే.

ట్యాబ్ సైజు అని డబ్బా మీద రాసేది మూల నుంచి మూలకి కొలిచిన కొలత. నిలువుగా పట్టుకున్నప్పుడు పుస్తకం పేజీకి దొరికేది మాత్రం తెర వెడల్పు. పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు చాలావరకు ఏ4కి దగ్గరగా ఉంటాయి, అంటే 21 సెంటీమీటర్ల వెడల్పు. తక్కువ ధరలో దొరికే 8.7 అంగుళాల ట్యాబ్‌ని నిలువుగా పడితే వెడల్పు 11 సెంటీమీటర్ల చిల్లర. పేజీ దాదాపు సగానికి కుదించుకుపోతుంది. 10.1 అంగుళాల తెర 16:10 ఆకారంలో (పొడవు 16 పాళ్ళు, వెడల్పు 10 పాళ్ళు) ఉంటే వెడల్పు 13.6 సెంటీమీటర్లు, పేజీ 65 శాతానికి తగ్గుతుంది. 11 అంగుళాలదైతే 14.8 సెంటీమీటర్లు, 70 శాతం.

ఇక్కడే చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. అంగుళాలతో పాటు ఆకారం కూడా చూడాలి. 16:10 అన్నది సినిమా ఆకారం, పొడుగ్గా సన్నగా ఉంటుంది. పదో తరం ఐప్యాడ్ 10.9 అంగుళాలే అయినా 4:3కి దగ్గర కాబట్టి దాని వెడల్పు 15.8 సెంటీమీటర్లు, అంటే 11 అంగుళాల సినిమా తెర కంటే సెంటీమీటరు ఎక్కువ. వన్‌ప్లస్ ప్యాడ్ గో 11.35 అంగుళాలు, 7:5 ఆకారం. అది ఏ4 కాగితం ఆకారానికి దాదాపు సరిగ్గా సరిపోతుంది. దాని మీద పేజీ మొత్తం 80 శాతం సైజులో పడుతుంది, అంచుల్లో నల్ల పట్టీలు కూడా పెద్దగా మిగలవు. కొత్త మోడళ్ళు వస్తూనే ఉంటాయి, పేర్లు మారతాయి. ఆకారం అడగడం మాత్రం మానొద్దు.

ఇంగ్లీషు పిల్లలకి సగానికి కుదించిన పేజీ కొంత ఇబ్బంది, అంతే. తెలుగు పిల్లలకి అక్షరమే పోతుంది. 12 పాయింట్లలో (పాయింటు అంటే అచ్చు అక్షరం కొలత) అచ్చయిన తెలుగు 10.1 అంగుళాల తెర మీద ఎనిమిది పాయింట్ల లోపుకి, 8.7 అంగుళాల మీద ఆరున్నరకి దిగుతుంది. అందులో ఒత్తు ఎత్తు సుమారు ఒక మిల్లీమీటరు. 10.1 అంగుళాల తెర 1280×800 రిజల్యూషన్‌లో (తెర మీది చుక్కల లెక్క) ఉంటే అంగుళానికి 149 చుక్కలు, అంటే ఆ మిల్లీమీటరులో ఆరు చుక్కలు. ఆరు చుక్కల్లో 'రాష్ట్రం'లోని ట ఒత్తు, ర ఒత్తు రెండూ గీయాలి. 'స్వాతంత్ర్యం' అయితే ఇక చెప్పక్కర్లేదు. థకీ ధకీ తేడా లోపలి చుక్క, పకీ ఫకీ తేడా కింది గీత. అవి మసకబారితే పిల్లవాడు ఊహించి చదువుతాడు. పాతపట్నంలో పిల్లవాడు తప్పు ఊహించినా బస్సు బోర్డూ గోడ మీద రాతా వాడిని సరిదిద్దుతాయి. రాయగడలో బోర్డులు ఒడియాలో ఉంటాయి. వాడి తెలుగు అక్షరానికి ఉన్న ఒకే సాక్షి ఆ తెర. అందుకే అదే 10.1 అంగుళాల్లో 1920×1200 తీసుకోండి. అంగుళానికి 224 చుక్కలొస్తాయి, ఒత్తు నిలబడుతుంది. 1280×800 తెర ఎంత చౌకగా ఇచ్చినా వద్దనండి.

'వేళ్ళతో పెద్దది చేసుకోవచ్చు కదా' అంటారు. చేసుకోవచ్చు, కానీ అప్పుడు లైను తెర దాటిపోతుంది. ప్రతి లైనుకీ పక్కకి జరపడం, మళ్ళీ వెనక్కి లాగడం, ఏ లైనులో ఉన్నాడో మర్చిపోవడం. అడ్డంగా తిప్పితే అక్షరం దాదాపు అసలు సైజుకొస్తుంది గానీ పేజీలో సగం కూడా కనబడదు. బొమ్మ పైన, ప్రశ్న కింద ఉండే లెక్కల పుస్తకంలో అది శిక్షే.

ఫోన్‌లో నవలలు చదివేవాళ్ళకి ఇంకో అనుమానం రావచ్చు. అక్షరం పెంచితే లైన్లు వాటంతటవే సర్దుకోవాలి కదా అని. ఈ-పుస్తకాల్లో సర్దుకుంటాయి, తెలుగు పీడీఎఫ్‌లో సర్దుకోవు. మన డీటీపీ (కంప్యూటర్ మీద అచ్చుకూర్పు) చాలాకాలం అను ఫాంట్ల మీదే నడిచింది. అందులో కంటికి కనబడేది తెలుగు, ఫైలు లోపల ఉండేది అర్థం లేని ఇంగ్లీషు గుర్తులు. పరీక్షించడం తేలిక. పీడీఎఫ్‌లో ఒక మాట మీద వేలు నొక్కిపట్టి కాపీ చేసి నోట్స్‌లో పేస్ట్ చేయండి. తెలుగు పడితే యూనికోడ్, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తుపట్టే రాత. పిచ్చి గుర్తులు పడితే చాలావరకు అను. అసలు మాట ఎంపికే కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. చివరి రెండింటిలో మాట వెతకలేం, ట్యాబ్ చేత చదివించి వినలేం. దారి లేకపోలేదు. ఆ పేజీని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలను గుర్తుపట్టి రాసిస్తుంది. ఒత్తుల దగ్గర తప్పులొస్తాయి, పెద్దవాళ్ళు ఒకసారి సరిచూడాలి. పద్యానికో పాఠానికో పనికొస్తుంది, పుస్తకమంతా అలా చేయలేం. కాబట్టి పేజీ ఉన్నదున్నట్టు కనబడే తెర తప్ప గతి లేదు.

మిగతావి త్వరగా. ర్యామ్ 'ఎనిమిది' అంటే ఎన్ని నిజంవో అడగండి. చాలా డబ్బాల మీద నాలుగు అసలు, నాలుగు స్టోరేజీలోంచి అరువు తెచ్చినవి. అసలు ర్యామ్ నాలుగు ఉంటే చదువుకి నడుస్తుంది, ఆరైతే నాలుగేళ్ళు నిశ్చింత. 32 జీబీ స్టోరేజీ ఇప్పుడు వృథా, సగం వరకు సిస్టమే తింటుంది. 128 తీసుకోండి, పైగా మెమరీ కార్డు స్లాట్ ఉంటే ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాలోంచి దించుకున్న పాఠాలకీ వీడియోలకీ చోటు బాధ తీరుతుంది. గజపతి, కోరాపుట్ కొండ ఊళ్ళల్లో సిగ్నల్ ఉన్నచోట దించుకుని ఇంట్లో చూడటమే పద్ధతి. సిమ్ స్లాట్ కావాలా వద్దా అన్నది ఒక్క ప్రశ్నతో తేలుతుంది. పిల్లవాడు చదివే వేళకి ఇంట్లో ఇంకో ఫోన్ ఉంటుందా? ఉంటే హాట్‌స్పాట్ చాలు, వై-ఫై మోడల్ కొని మిగిలిన డబ్బు తెర మీద పెట్టండి. నాన్న ఫోన్ తీసుకుని పనికెళ్ళిపోతే సిమ్ ఉన్నదే కొనాలి.

సంతలో, చిన్న షాపుల్లో దొరికే పేరు లేని ట్యాబులకి దూరంగా ఉండండి. సెట్టింగ్స్‌లో చూపించే ర్యామ్, ఆండ్రాయిడ్ వెర్షన్ కూడా వాటిలో అబద్ధమై ఉండొచ్చు. ప్లే స్టోర్ సెట్టింగ్స్ చివర్లో ప్లే ప్రొటెక్ట్ ధ్రువీకరణ ఉందో లేదో చూడండి, డబ్బా మీదా చార్జర్ మీదా ఆర్‌తో మొదలయ్యే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నంబరు చూడండి. విశాఖలో కొన్నా బరంపురంలో కొన్నా జీఎస్టీ ఒకటే. పేరున్న కంపెనీల వారంటీ దేశమంతా చెల్లుతుంది, బిల్లు ఉంటే చాలు. ఏ ఊళ్ళో కొన్నామన్నది కాదు, మీకు దగ్గర్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ ఏ ఊళ్ళో ఉందన్నది కొనేముందే తెలుసుకోండి.

షాపుకి వెళ్ళేటప్పుడు ఫోన్‌లో ఆరో తరగతి తెలుగు వాచకం పీడీఎఫ్ ఒకటి పెట్టుకెళ్ళండి. డెమో ట్యాబ్‌లోకి పంపి, నిలువుగా పట్టుకుని, పేజీ మొత్తం కనబడేలా ఉంచి, జానెడున్నర దూరం నుంచి పిల్లవాడి చేతే చదివించండి. మీరు చదవొద్దు. మీకు మాట ముందే తెలుసు కాబట్టి ఒత్తు కనబడకపోయినా నాలుక దానంతటది పలికేస్తుంది.

పెద్ద తెర ఖరీదెక్కువ, అరకిలో బరువు, చిన్న పిల్లలు పడేస్తారు అనే వాదన ఉంది. కొంత నిజమే. అయిదో తరగతి లోపు పిల్లలకి నా సలహా ట్యాబ్ కాదు, అచ్చు పుస్తకం. ఆపై తరగతుల పిల్లలకి మాత్రం చిన్న తెర కొని మిగిల్చే నాలుగైదు వేలు, వాడు ఆర్నెల్లలో చదవడం మానేసి వీడియోలకి మళ్ళినప్పుడు తిరిగి రావు.

అసలు ఈ ఖర్చంతా తల్లిదండ్రుల నెత్తిన ఎందుకు పడాలి? 1991లో వెలువడిన తొలి యూనికోడ్‌లోనే తెలుగుకి చోటుంది. మూడు దశాబ్దాలు దాటినా మన పాఠ్యపుస్తకం అక్షరం పెంచితే సర్దుకునే ఫైలుగా రాకపోవడానికి సాంకేతిక కారణం ఏదీ లేదు. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి సవర గిరిజన పిల్లల కోసం వాళ్ళ భాష నేర్చుకున్నారు, వాళ్ళ మాటలోనే పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడి నడిపారు. ఆగస్టు 29న ఆయన పేరిట సభలు పెడతారు. రెండు తెలుగు ప్రభుత్వాలని అడగాల్సింది దండలు కాదు. ఒకటి నుంచి పది దాకా ప్రతి తెలుగు వాచకాన్నీ యూనికోడ్ ఈ-పబ్‌గా (లైన్లు సర్దుకునే ఈ-పుస్తకంగా), ఎక్కడి పిల్లలైనా లాగిన్ లేకుండా దించుకునేలా పెట్టమని. అను ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు ఉన్నాయి, మార్చాక ఒత్తులు సరిచూసే తెలుగు టీచర్లూ ఉన్నారు. అది జరిగిన రోజున అమ్మ చేతిలోని ఆరున్నర అంగుళాల పాత ఫోన్‌లో కూడా అక్షరం కావలసినంత పెద్దదవుతుంది, మాట మీద వేలు పెడితే పలుకుతుంది. పర్లాకిమిడి, గుణుపురం తెలుగు సంఘాలు ఈ ఏడాది ఇచ్చే వినతిపత్రాల్లో టీచరు పోస్టుల పక్కన ఈ కోరికనీ రాయాలి.