ముంపు ప్రాంతంలో బసవన్న

బసవన్న నీళ్ళలో మునిగి చచ్చిపోతున్న సమయానికి నేను మానిటర్ వెనక తల దూర్చి కేబుల్ స్క్రూలు బిగిస్తున్నాను.

బసవన్న అంటే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటలో నా మనిషి. మనిషంటే పూర్తిగా మనిషి కాదు. టారెన్ అని ఎద్దు తల, కొమ్ములు, గిట్టలు ఉండే జాతి ఒకటుంది అందులో, చూడగానే నాకు ఇంకో పేరు తోచలేదు. ఆట 2004 నవంబర్‌లో వచ్చింది, నేను 2008లో దిగాను. నెలకి పదిహేను డాలర్లు కట్టాలి. అప్పట్లో మన దగ్గర అంత స్తోమత ఎక్కడిది, డల్లాస్‌లో ఉన్న మా బావ అరవై రోజుల కార్డు కొని, దాని మీది నంబరు గీకి మెయిల్ చేసేవాడు, ప్రతి మెయిల్ చివరా “మీ అక్కకి చెప్పకు” అని రాసేవాడు.

2009లో నాకు ఉద్యోగం వచ్చింది, బసవన్నకి సెలవొచ్చింది. వాణ్ణి వదిలిన చోటు థౌజండ్ నీడిల్స్. పేరుకు తగ్గట్టే సూదుల్లా నిలబడ్డ రాతి స్తంభాలు, కింద ఎండిపోయిన లోయ, ఓ పక్కన ఉప్పు పర్రలో గోబ్లిన్లూ నోమ్‌లూ అనే పొట్టి జాతులవాళ్ళు పోటీలు పడి కార్లు నడిపే ట్రాక్. చుక్క నీరు లేదు. ఒక స్తంభం నీడలో నెగడు వేసి, మాంసం కాల్చి, వాణ్ణి దాని పక్కన కూర్చోబెట్టి లాగౌట్ అయ్యాను. అనంతపురంలో వదిలిన వాడికి నీటి గండం ఉంటుందని ఎవరనుకుంటారు?

2012 వేసవిలో మళ్ళీ బుద్ధి పుట్టింది. మా ఇంటి ఇంటర్నెట్‌కి రాత్రి రెండు నుంచి ఉదయం ఎనిమిది దాకా ఫ్రీ, మిగతా వేళల్లో ముట్టుకుంటే బిల్లు చూసి నాన్న ముట్టుకుంటాడు. అలా నాలుగు రాత్రులు దించితే గానీ ఆట దిగలేదు. ఐదో రాత్రి రెండూ పదికి లాగిన్ అయ్యాను. అమ్మ లేస్తుందని స్పీకర్లు ఆపేశాను, అదే కొంప ముంచింది.

స్క్రీనంతా నీలం.

పాత మానిటర్లు వాడినవాళ్ళకి తెలుసు, వెనక కేబుల్ పిన్ను ఒకటి వదులైతే బొమ్మంతా ఒక రంగులోకి తిరిగిపోతుంది. ఓహో అదన్నమాట అనుకుని వెనక్కి దూరాను. స్క్రూ తిప్పాను, తల బయటికి పెట్టి చూశాను, నీలం. ఊడబీకి, నోటితో ఊది, మళ్ళీ పెట్టాను, నీలమే. పైన ఏదో గీత తరిగిపోతూ కనబడింది గానీ అది లోడింగ్‌ది కాబోలు అనుకున్నాను. అది బసవన్న ఊపిరి. ఈసారి గట్టిగా బిగించి వచ్చి చూస్తే ఉన్న నీలం కూడా పోయింది, మొత్తం బూడిద రంగు. మానిటర్ పోయిందనుకుని కూలబడ్డాను. ఈ ఆటలో చచ్చినవాడికి లోకమంతా బూడిద రంగులో కనిపిస్తుందన్న సంగతి మూడేళ్ళలో మరిచిపోయాను మరి.

పక్క మంచం మీద పడుకున్న మా పెద్దక్క కొడుకు లేచాడు. పదో తరగతి సెలవులు. వాడు ఈ ఆట ఆడలేదు గానీ యూట్యూబ్‌లో చూడనిది లేదు. కళ్ళు నులుముకుంటూ స్క్రీన్ వైపు చూసి “మామయ్యా, నువ్వు మునిగిపోయావు” అన్నాడు. అది అన్న గొంతుకి పక్క గదిలో అమ్మ లేచి, ఎక్కడ్రా, ఏ కాలవలో రా అంటూ జుట్టు ముడేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

ఆవిడకి సర్దిచెప్పి పంపాక వాడు నాకు చెప్పింది ఇదీ. 2010లో కాటాక్లిజం అని ఆటకి కొత్త భాగం వచ్చింది, డెత్‌వింగ్ అనే డ్రాగన్ భూమి చీల్చుకుని లేచింది, ఆ దెబ్బకి సముద్రం లోయలోకి వచ్చేసింది. అంతకుముందు 2007లోనూ 2008లోనూ లోకాన్ని పెంచినప్పుడు పాత ఊళ్ళ జోలికి పోకుండా పక్కన కొత్త నేల కలిపారు. మహా అయితే బైపాస్ పడ్డాక ఊళ్ళో టిఫిన్ హోటళ్ళు ఈగలు తోలుకున్నట్టు షట్రాత్ లాంటి నగరం ఖాళీ అయింది, అంతే. ఈసారి మాత్రం పాత లోకాన్నే తిరగేసి కుట్టారు. నాగార్జునసాగర్ కట్టినప్పుడు లోయలో ఉన్న బౌద్ధ కట్టడాల రాళ్ళు కూడా జాగ్రత్తగా విప్పి కొండ మీదికి చేర్చారు. మా బసవన్నని ఎవరూ చేర్చలేదు.

“పైన స్తంభం మీది ఫ్రీవిండ్ పోస్ట్ ఊరు మావాళ్ళదే కదా, లిఫ్టెక్కి పోతా” అన్నాను. అదిప్పుడు గ్రిమ్‌టోటెమ్ అనే శత్రు టారెన్ తెగవాళ్ళు ఆక్రమించారు, కొమ్ములు చూసి మనవాళ్ళే అని దగ్గరికెళ్తే పొడుస్తారు అన్నాడు. వినకుండా శవం దగ్గరికెళ్ళి ప్రాణం పోసుకుని, నీటి అడుగునే లిఫ్ట్ కోసం పరిగెత్తి, రెండోసారి చచ్చాను. మూడోసారి వాడే చెయ్యి పెట్టి స్పేస్ బార్ నొక్కాడు. అది నొక్కితే పైకి తేలతారు. ఇంతేనా!

పైకొస్తే స్తంభాల తలలు మాత్రం నీళ్ళ మీద కనిపిస్తున్నాయి. కార్ల ట్రాక్ మునిగింది, ఆ గోబ్లిన్లూ నోమ్‌లూ మాత్రం పెద్ద బల్లకట్టు కట్టి దాని మీద దుకాణం పెట్టేశారు. పునరావాసమంటే అదీ.

ఇంకో దిగులేమిటంటే లెవెళ్ళు. నేను చేరినప్పుడు చివరి లెవెల్ 70, ఆపేనాటికి 80, తిరిగొచ్చేసరికి 85. మావాడిది 32. అసలు కట్టకపోతే వడ్డీ పెరిగినట్టు, కదలకుండా కూర్చున్నా నేను నడవాల్సిన దూరం పెరుగుతూనే ఉంది. 2018కి 120 చేశారు. 2020లో వాళ్ళకే విసుగొచ్చినట్టుంది, 120ని 50కి కుదించి మళ్ళీ 60 దాకా ఎక్కమన్నారు. ఆ కుదింపులో మావాడి 32 కూడా సగానికి పైగా కరిగింది.

2019 ఆగస్టులో పాత లోకాన్ని క్లాసిక్ అని యథాతథంగా మళ్ళీ తెరిచారు. ఎండిన లోయ, ఉప్పు పర్ర, కార్లు, అన్నీ ఉన్నాయి. ఆనందం పట్టలేక రెండో బసవన్నని పుట్టించి, వెతుక్కుని మరీ అదే స్తంభం నీడలో నెగడు వేశాను. తర్వాత పనుల్లో పడ్డాను. ఆ పాత లోకం కూడా తన చరిత్రే తాను తిరిగి నడుస్తూ 2021లో 2007 నాటి ముచ్చట, 2022లో 2008 నాటిది తెచ్చింది. చదివాను, సంతోషించాను, ఆ తర్వాత ఏమొస్తుందో మాత్రం లెక్కేసుకోలేదు.

2024 మేలో వచ్చింది. జూన్‌లో ఓ ఆదివారం లాగిన్ అయితే స్క్రీనంతా నీలం. కేబుల్ జోలికి పోలేదు, టపీమని స్పేస్ బార్ నొక్కి, ఫొటో తీసి మేనల్లుడికి పంపాను. “మళ్ళీ అక్కడే పెట్టావా మామయ్యా” అని వచ్చింది.

హాల్లో సీరియల్ చూస్తున్న అమ్మ, నేను అరిచిన అరుపుకి తల కూడా తిప్పకుండా అడిగింది: “మళ్ళీ మునిగాడా?”