మనసుండేది పెద్దపేగులో

బెంగళూరు మారతహళ్లిలో కాపురముంటున్న నాకు ఏడాదిగా టిఫిన్ తిన్న అరగంటకే కడుపు మెలిపెడుతుంది. సిల్క్ బోర్డు కూడలిలో బస్సు ఆగిపోయిన రోజున ఇంకాస్త మెలిపెడుతుంది. పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ రిపోర్టు నార్మల్‌గా వచ్చిందని తెలియగానే ఒంగోలు నుంచి మా పెదనాన్నగారు ఫోనులోనే తీర్పు చెప్పేశారు: "నీకేం లేదురా, అంతా నీ మనసులోనే ఉంది."

పెద్దల మాట కాదనలేక, ఆ మనసు ఎక్కడుందోనని వెతికాను. అది పెద్దపేగు లోపొరలో, నాడుల చివళ్లను ఆనుకొని ఉంటుందని తేలింది.

శాస్త్రజ్ఞులు, పాపం, దానిని మాస్ట్ కణం అంటారు. రేణువులతో కిక్కిరిసిన ఈ కణాలు బాగా మేసి బలిసినవనుకొని, 1878 నాటి తన సిద్ధాంత వ్యాసంలో పాల్ ఎర్లిష్ అనే జర్మన్ వైద్యుడు తన భాషలో మేపడమనే అర్థమొచ్చే ఆ పేరు పెట్టాడు. నిజానికి అది మేసిన మేత కాదు, సమయం చూసి మన నాడుల మీద కుమ్మరించడానికి దాచుకున్న హిస్టమిన్, ట్రిప్టేజ్ వగైరా రసాయనాల సరుకు. సహజ రోగనిరోధక వ్యవస్థలోని ఈ ఉద్యోగులకు శత్రువు ఇంటిపేరు, గోత్రం అక్కర్లేదు. వాలకం నచ్చకపోతే చాలు. పరీక్షల్లో ఏమీ దొరక్కపోయినా నాలాగే కడుపు మెలిపెట్టే జబ్బును ఐబీఎస్ అంటారు. ఆ రోగుల పేగు ముక్కలను పరీక్షించిన ఇటలీ పరిశోధకులు, నాడుల పక్కన ఈ కణాలు ఎంత ఎక్కువగా చేరితే నొప్పి అంత తీవ్రంగా, అంత తరచుగా వస్తోందని 2004లో చూపారు. రోగులందరిలోనూ ఇవి పెరిగి కనిపించవన్న మాటా నిజమే గాని, దానిని పెదనాన్నగారి చెవిన వేయదలచుకోలేదు. పైపొరను మాత్రమే చూసే కెమెరాకు ఈ గూడుపుఠాణీ అందదు.

2000 మే నెలలో కెనడాలోని వాకర్టన్ పట్టణంలో తాగునీరు కలుషితమై రెండువేలమందికి పైగా జబ్బుపడ్డారు. సూక్ష్మజీవులు ఎప్పుడో వెళ్లిపోయినా, ఎనిమిదేళ్ల తరువాత కూడా వారిలో కొందరిని ఐబీఎస్ వదలలేదు. ఊరు ఊరంతా కూడబలుక్కొని ఒకే వారంలో మనసు పాడుచేసుకుందని మనం గ్రహించాలి.

సిల్క్ బోర్డు పాత్రనూ తక్కువ చేయరాదు. ఒత్తిడి వేళ శరీరం విడుదల చేసే సీఆర్‌హెచ్ అనే హార్మోను మాస్ట్ కణాలను నేరుగా రెచ్చగొట్టగలదు కనుక, సిగ్నల్ దగ్గర నా కడుపులో జరిగేది ఊహ కాదు, రసాయనశాస్త్రం.

ఇదంతా ఓపికగా విన్న పెదనాన్నగారు కాసేపు ఆలోచించి, "అయితే టెన్షన్ పడొద్దని ఆ కణానికే చెప్పరా" అన్నారు.