కరెంటులో రేడియేషన్ ఏంది మామా?

పొద్దున ఉగ్గానికని మా అమ్మ పుట్నాలు, ఎండుమిరపకాయలు మిక్సీలో వేసి రెండు తిప్పులు తిప్పిందో లేదో, కరెంటు పోయింది. జార్‌లో సగం పొడి, సగం పలుకులు. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన మా మామ మంచం మీద కూర్చొని అంటాడు: "ఇది చాలదని అణు కరెంటు తెస్తారంట. తీగల్లోంచి రేడియేషన్ ఇంట్లోకి వస్తాది, పిల్లోళ్లుండే కొంప." ముప్పై ఏండ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి ఈయన! అదే నాకు ఎక్కువ మండింది.

కరెంటులో రేడియేషన్ ఏంది మామా? న్యూట్రాన్ అనే చిన్న కణం తగిలి యురేనియం పరమాణువు పగులుతాది. వేడి పుడుతాది. ఇంకో రెండు మూడు న్యూట్రాన్లు బయటికొచ్చి పక్కవాటిని పగలగొడతాయి. అది చెయ్యి దాటకుండా న్యూట్రాన్లను మింగే కడ్డీలు ఉంటాయి. ఆ వేడికి నీళ్లు ఆవిరై టర్బైన్‌ను తిప్పితే, టర్బైన్ జనరేటర్‌ను తిప్పుతాది. మన ఎర్రగుంట్ల పక్కన ఆర్‌టీపీపీ థర్మల్ కేంద్రంలో జరిగేదీ ఇదే, అక్కడ పొయ్యిలో బొగ్గు, అంతే తేడా. పైగా మన దేశంలో ఎక్కువ రియాక్టర్లలో ఇంధనాన్ని తాకే భారజలం (బరువైన రకం నీళ్లు) వేరు, టర్బైన్‌కు పోయే ఆవిరి వేరు. గొట్టం గోడ దాటేది వేడి ఒక్కటే. ఇంక తీగలోకి రేడియేషన్ ఎట్లొస్తాది?

ఇంకోటి చెప్తా వినండి. కర్ణాటకలోని కైగా, తమిళనాడులోని కల్పాక్కం అణు కేంద్రాల కరెంటు ఏండ్లుగా మన గ్రిడ్‌లో కలిసే ఉండాది. మామ ఇంట్లో ఫ్యాను ఆ కరెంటుకు కూడా తిరిగిందే. కైగా మొదటి యూనిట్ 962 రోజులు ఒక్కసారి కూడా ఆగకుండా నడిచి 2018 డిసెంబర్ 31న ఆగింది. పొగ లేదు, బూడిద లేదు. కర్నూలు సోలార్ పార్కు 1000 మెగావాట్లది, నాకూ గర్వమే, కానీ పొద్దుగూకితే అది పండుకుంటాది. బొగ్గు రైళ్లకు రైళ్లు తెచ్చి పోయాల. తేలిగ్గా పగిలే రకం యురేనియం పాలు పెంచి చేసిన ఏడు గ్రాముల గుళిక దాదాపు టన్ను బొగ్గు పని చేస్తాది.

చెర్నోబిల్ అన్యాడు, ఫుకుషిమా అన్యాడు. ఒప్పుకుంటా. 1986లో ఒకటి, 2011లో ఒకటి, ఆ రెండు అణు ప్రమాదాలూ నిజమే. వాడిన ఇంధనాన్ని యాడ పెడతారని అడగండి, చల్లార్చే నీళ్లు ఆగితే ఏం చేస్తారని అడగండి. తుమ్మలపల్లె యురేనియం గని పక్కన పల్లెల్లో బోరునీళ్ల గురించి రైతులు అడుగుతాండారే, అది కూడా న్యాయమైన ప్రశ్నే. వాళ్ల పక్కన నిలబడి అడగాల్సింది పోయి తీగల్లో దయ్యం ఉందంటే వాళ్ల మాట ఎవరు పట్టించుకుంటారు?

అసలు ఈ మాట కడపోళ్ల నోట్లోంచి రావడమే నాకు కడుపుమంట. తుమ్మలపల్లె యురేనియం మన నేలది! మనం తవ్విస్తాం, అది హైదరాబాద్‌కు పోయి ఇంధనమవుతాది, యాడో దీపాలు వెలుగుతాయి. అదేం చేస్తాదో మన పిల్లోళ్లకు ఒక్కరన్నా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పినారా? సీమకు ఇది కొత్తేం కాదు. 1953లో కర్నూలుకు రాజధాని ఇచ్చినారు, 1956లో తీసుకుపోయినారు. శ్రీశైలం డ్యాంకు కర్నూలు పల్లెలు మునిగినాయి, నీళ్ల కోసం మనం ఇప్పటికీ అడుక్కుంటానే ఉండాం. ఇచ్చేది మనం, తెలుసుకునే హక్కు కూడా లేనిది మనకే.

పదిన్నరైనా కరెంటు రాలేదు. ఆ పలుకులన్నీ మా అమ్మ రోట్లో వేసి దంచింది. డెబ్బై ఏండ్ల మనిషి, మధ్యమధ్య ఆగి భుజం పట్టుకుంటా.