ఘర్షణ సారుకు దండం పెట్టి రాయునది

అయ్యా,

పొద్దున ఆరు గంటలకు కిరాణం షట్టర్ లేపలేక నడుము పట్టేసిన దుకాణందారును, వరంగల్ నుంచి రాసుకుంటున్న అర్జీ ఇది. పేపర్లల్ల మీ పేరు రోజూ చూస్తనే ఉంట. "ఇరువర్గాల మధ్య ఘర్షణ" అని పడుతది. అది చదివి మీరెవరో పెద్ద రౌడీ అనుకునేటోణ్ణి. మా బిడ్డ ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకం తిరగేస్తే తెలిసింది, మీరు రౌడీ కాదు, ఆఫీసరు.

ఎట్లంటే, ఎవడు ఏ దిక్కు నెడితే మీరు దానికి ఎదురు దిక్కు. నేను షట్టర్‌ను కొంచెం లేపబోతే కొంచెం ఆపుతరు, గట్టిగ లేపబోతే గట్టిగ ఆపుతరు. సొంతంగ మాత్రం ఒక్క పని మొదలుపెట్టిన పాపాన పోరు.

మొన్న ఇంటికి సున్నం వేయించినప్పుడు మా అమ్మ సందుగ జరపాల్సొచ్చింది. కొయ్య సందుగ, నిండ ఇత్తడి సామాను. నేను, మా బామ్మర్ది కలిసి నెట్టినం. కదలలే. ఇంకా నెట్టినం. ఊహూఁ. చివరికి పండ్లు కొరికి నెడితే ఒక్కసారి కదిలింది, కదిలినంక మాత్రం సులువుగనే జారింది. మీ శాఖల కదలకముందు ఆపే స్థైతిక ఘర్షణ అనేది పెద్ద కుర్చీ అట, కదిలినంక ఆపే జారుడు ఘర్షణ దాని కిందిదట. అర్థమైంది సారూ. ఫైలు మొదటి టేబుల్ మీదికెల్లి లేవడమే గగనం.

తలుపు కాడ మళ్ళ ఆగింది. "పక్క మీద నిలబెడితే తక్కువ జాగ ఆనుతది, తేలికగ జరుగుతది బావా" అని బామ్మర్ది తెలివి చూపిండు. లోపల గిన్నెలు గలగలమంటుంటే ఒరగేసి నిలబెట్టినం. అదే మొండితనం. ఆనే జాగ ఎంతన్నది మీకు పట్టదు, మీద పడే బరువే మీకు లెక్క అని ఫ్రాన్సుల అమోంటన్స్ అనేటాయన 1699లనే చెప్పిండట. మా బామ్మర్ది దాక ఆ కబురు ఇంకా రాలే. ఇత్తడి సామానంత బయట పెట్టినంక గాని సందుగ గడప దాటలే. మామూలు ఆఫీసుల్ల బరువున్నోని పని ముందుగాల అయితది, మీ దగ్గరనే ఉల్టా. ఈ ఒక్క సంగతిల మిమ్ముల మెచ్చుకోవాలె.

కానీ చెయ్యి తడుపుడు మీ దగ్గర కూడా తప్పదాయె! షట్టర్ పట్టాలకు గ్రీజు, తలుపు బందులకు కొబ్బరినూనె, సైకిల్ చైనుకు ఇంజనాయిలు. వేరేకాడ తడుపుడు అంటే మాటవరసకు అంటరు, మీకు నిజంగనే తడపాలె. పోనీ ఒక్కసారి ఇస్తే ఊకుంటరా? దుమ్ము పట్టి గ్రీజు గట్టిబడంగనే మళ్ళ కిర్రుమని చెయ్యి చాపుతరు.

సరే, ఇంత మొండోళ్ళు గదా, అవసరమైన కాడనన్న డ్యూటీల ఉంటరా? తొలకరి పడ్డ సాయంత్రం హన్మకొండ చౌరస్తా దిక్కు బండి మీద పోతున్న. ఎండకాలమంత రోడ్డు మీద కారిన నూనె, రాలిన టైర్ల పొడి, దుమ్ము, అన్నీ ఆ నాలుగు చినుకులకు తేలి జిడ్డు పొర కట్టినయ్. బర్రె అడ్డమొచ్చింది. బ్రేకు కొట్టిన. చక్రం ఆగింది, బండి ఆగలే. టైరుకు రోడ్డుకు నడుమ ఉండాల్సిన మీరు లీవుల ఉన్నరు. నా మోకాలు రోడ్డుకు తాకంగనే మాత్రం ఎక్కడికెల్లి వచ్చినరో గని, తోలు లేచిపోయేదాక డ్యూటీ చేసినరు. బర్రె నన్నొకసారి చూసి, నెమరు వేసుకుంట పోయింది.

టైరు గుండైందని మెకానిక్ నన్నే తిట్టిండు. టైరు మీది గీతలు నీళ్ళను పక్కకు తోసి మీకు తొవ్వ చేసేటియట. ఆ గీతలను అరగదీసిందెవరు సారూ? మీరే గదా!

కాజీపేటల రైలింజన్ల కాడ పనిచేసే దోస్తుకు ఈ గోడు చెప్పుకుంటే నవ్విండు. ఇంజన్లకు ఇసుక పెట్టెలుంటయట. పట్టాలు తడిసి చక్రం ఉన్నకాడనే గిర్రున తిరుగుతుంటే, చక్రం ముందట ఇసుక పోసి మిమ్ముల రప్పిస్తరట. మీరు పోవాలంటే నూనె పోయాలె, రావాలంటే ఇసుక పోయాలె. ఊరికే వచ్చే కాడ ఒక్కటన్న ఉన్నదా అని ఆలోచించిన.

ఉన్నది. ఎనుమాముల మార్కెట్టుకు వచ్చే పత్తి పింజ పొడుగు మూడు సెంటీమీటర్లు, అటిటుగ. గోరంత గోరంత పింజలు గజాల దారం ఎట్లయితయి? జిగురు లేదు, ముడి లేదు. పురి తిప్పితే ఒకదాన్నొకటి ఒత్తుకుంటయి, ఒత్తుకున్న కాడ మీరు జారనియ్యరు, అంతే. ఆ దారంతోనే కొత్తవాడల జంపఖానాలు నేస్తరు. 2018ల వాటికి, ఈ సరుకు ఈ ఊరిదే అని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది, మీకు ఒక్కరు శాలువా కప్పలే. ఆ జంపఖానా మీద కూసొనే ఇది రాస్తున్న. మీరు నిజంగ లీవు పెడితే నా కింద ఇది దూది కుప్పయితది. నా లుంగీ ముడి సంగతి అర్జీల రాసే ముచ్చట కాదు.

అందుకని మీ మీద పైకి ఫిర్యాదు పోనియ్యను. ఒక్క బదిలీ అడుగుత. షట్టర్ పట్టాల కాడ మీ సిబ్బంది ఎక్కువున్నరు, అండ్ల సగం మందిని వానకాలం పోయేదాక నా బండి టైరు కిందికి పంపాలె. మోకాలి మీద ఖాళీలు లేవు.

ఇట్లు,
నడుము, మోకాలు రెండూ పోగొట్టుకున్న
ఒక కిరాణం దుకాణందారు.

మళ్ళ: ఈ అర్జీ పెన్సిల్‌తోని రాసిన. కాయితం మీద మీరు గీరితేనే అక్షరం పడుతదట గదా, అంటే మీ చేతి మీదుగనే మీకు వస్తున్నది. ఏదన్న మాట నచ్చకుంటే రబ్బరుతోని చెరుపుకోండ్రి. అది కూడా మీ శాఖనే.