వేదికనలంకరించువారు

"ఫలానా వారిని సాదరంగా వేదిక మీదకి ఆహ్వానిస్తున్నాం." ఈ ఒక్క వాక్యం మీద నాకు పగ ఉంది.

మ్యాన్‌హోళ్లలో దిగి చనిపోతున్న పారిశుద్ధ్య కార్మికుల కోసం ఆ మధ్య హైదరాబాద్‌లో ఒక రౌండ్ టేబుల్ సమావేశం జరిగింది. ఎవరు పెట్టారో, ఏ హాల్లోనో చెప్పను. ఏ హాలైనా ఇంతేనని మీకూ తెలుసు. పదింటికి అన్నారు కాబట్టి పదకొండున్నరకి మొదలైంది.

వేదిక మీద ఎనిమిది కుర్చీలు. వ్యాఖ్యాత చేతిలో రెండు వైపులా రాసిన కాగితం. అధ్యక్షుల వారు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి... ఎనిమిదీ నిండాక తొమ్మిదో పేరు పిలిచారు. తొమ్మిదో ఆయన మెట్ల దగ్గర ఆగి, "పర్లేదండీ, నేను కిందే కూర్చుంటా" అన్నారు గానీ, మొదటి మెట్టు మీద పెట్టిన కాలు మాత్రం తియ్యలేదు. అనుభవం మరి! కింద నుంచి ఒక కుర్చీ పైకి పోయింది. పదో పేరుకి ఇంకోటి. కాసేపటికి పద్ధతి కుదిరింది: ముందు మనిషి, వెనకే అతను కూర్చున్న కుర్చీ. ఇంతలో తన పేరు తన కన్నా జూనియర్ పేరు తర్వాత చదివారని ఒక సీనియర్ నాయకుడు అలిగి వరండాలోకి వెళ్లిపోయారు. బతిమాలి తీసుకురావడానికి వేదిక మీంచి ఇద్దరు దిగారు. వాళ్లు తిరిగొచ్చేసరికి వాళ్ల కుర్చీల్లో వేరే ఇద్దరున్నారు. లేవమంటే ఐక్యత దెబ్బతింటుంది. కాబట్టి మరో మూడు కుర్చీలు. ఆఖరికి పైన ఇరవై ముగ్గురు, కింద పందొమ్మిది మంది తేలాం. ఆ పందొమ్మిదిలో ముగ్గురు విలేకరులు, ఒకతను టీ ఇవ్వడానికి వచ్చినవాడు. ప్రజల కన్నా నాయకత్వం ఎక్కువున్న ఉద్యమం ఓడిపోయే ప్రసక్తే లేదు. ఓడిపోవడానికి కింద ఎవరో ఒకరు ఉండాలి కదా!

ఆ తర్వాత శాలువాలు. పైవాళ్లు పైవాళ్లకే కప్పుకున్నారు. వెనక గోడకి ఎస్.ఆర్. శంకరన్ గారి ఫొటో, దానికి బంతిపూల దండ. పేదల పక్షాన నిలబడ్డ ఐఏఎస్ అధికారి, 2005లో పద్మభూషణ్ ఇస్తామంటే వద్దన్న మనిషి ఆయన. ఆయన ఫొటో కింద ఇరవై ముగ్గురిలో ఒక్కరూ శాలువా వద్దనలేదు. ఫొటోలో ఆయన ముఖం నేనైతే చూడలేకపోయాను.

విలేకరులకి పన్నెండింటికల్లా ప్రెస్‌నోట్ అందింది. "సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించింది, వక్తలు తీవ్రంగా ఖండించారు" అని అందులో ఉంది. అప్పటికి ఒక్క వక్త కూడా నోరు విప్పలేదు. ముగ్గురూ నోటు తీసుకుని, ఫొటో తీసుకుని, వెళ్లిపోయారు. కింద పదహారు మందిమి.

మొదట ఒక ప్రొఫెసర్ గారు. మొహంజొదారో మురుగు కాలవల దగ్గర ఎత్తుకున్నారు. భోజనాల వేళకి ఇంకా మౌర్యులు దిగలేదు. తర్వాతాయన "పెద్దలు అన్నీ చెప్పేశారు, నేను కొత్తగా చెప్పేదేం లేదు" అని మొదలుపెట్టి, ముప్పావుగంట సేపు ఆ మాట నిజమేనని నిరూపించారు.

ఎవరి సమస్య మీద ఇదంతా జరుగుతోందో, ఆమె ఆఖరి వరసలో కూర్చుని ఉంది. భర్త మ్యాన్‌హోల్‌లో చనిపోయాడు. ఒళ్లో బట్టల షాపు ప్లాస్టిక్ కవరు. అందులో ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు, లామినేషన్ చేయించిన డెత్ సర్టిఫికెట్. ఆమె పేరు కాగితానికి రెండో వైపు చివర్న ఉంది. రెండున్నరకి మైకిచ్చారు. "టైమ్ లేదమ్మా, రెండు ముక్కల్లో చెప్పెయ్యమ్మా."

"కాంట్రాక్టరు మావాడే కాదంటున్నడు సార్. ఆఫీసుకు పోతే రేపు రా అంటున్నరు. మీలో ఎవరన్నా ఒక్కరు నాతోని వస్తే..."

చప్పట్లు కొట్టారు. నిజంగానే కొట్టారు. వెంటనే వందన సమర్పణ. మైకు సెట్టు వాళ్లకి, ఫ్లెక్సీ వాళ్లకి, పులిహోర వాళ్లకి పేరుపేరునా ధన్యవాదాలు. సమస్య అధ్యయనానికి ఒక కమిటీ: ఒక కన్వీనర్, ఏడుగురు కో కన్వీనర్లు.

ఏం అధ్యయనం చేస్తారయ్యా? రక్షణ పరికరాల్లేకుండా మనిషిని మురుగు కాలవలోకి దింపితే నేరమని 2013 చట్టంలో ఉంది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు. చనిపోయినవాళ్ల కుటుంబానికి పది లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 అక్టోబర్‌లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. ఇవేవీ వేదికల మీంచి రాలిపడలేదు. బెజవాడ విల్సన్, పాకీ పని రద్దు కోసం పోరాడే సఫాయి కర్మచారి ఆందోళన్ వాళ్లు ఊళ్లు తిరిగి, పాకీ దొడ్లు లెక్కరాసి, చనిపోయినవాళ్ల పేర్లు కూడబెట్టి, 2003లో వేసిన పిటిషన్‌ని పట్టుకుని పదకొండేళ్లు కోర్టు చుట్టూ తిరిగితే వచ్చింది ఆ 2014 తీర్పు. ఆమె అడిగింది విప్లవం కాదు. మీ ప్రసంగం కూడా కాదు. పక్కన నిలబడి "ఈమె హక్కు ఇది, రసీదు ఇవ్వండి" అనే ఒక్క మనిషిని. ఇరవై ముగ్గురిలో ఒక్కడు లేడు! శాలువా మడతపెట్టి కవర్లో పెట్టుకున్నంత జాగ్రత్తగా ఆ కాగితాలు ఒక్కసారి తిరగేసినవాడు లేడు!

పరాయివాళ్లయితే ఇంత మండదు. 2017లో ఇందిరా పార్కు దగ్గర జనం ధర్నాలు చేసుకునే ధర్నా చౌక్‌ని ప్రభుత్వం ఎత్తేస్తే, ఆ మే ఎండలో రోడ్డెక్కింది ఇలాంటి మనుషులే. 2018లో హైకోర్టు దాకా వెళ్లి దాన్ని మళ్లీ తెరిపించుకున్నదీ ఇలాంటివాళ్లే. మనకి మాట్లాడే చోటు లేకుండా చేస్తున్నారని అప్పుడు గొంతు చించుకున్నారు. నిజమే, చోటు దొరికింది. అందులో ఆమెకి దొరికింది రెండు ముక్కలు.

కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది. మైకుండదు, వరసలో నిలబడాలి, మీ పేరు ఎవరూ చదవరు. ఇరవై ముగ్గురూ అక్కర్లేదు, ఒక్కరు కదలండి చాలు. ఆటో డబ్బులు నేనిస్తా.