ఒక్క చోట అడగండ్రా బాబూ

మొన్న ఆదివారం మాదాపూర్‌లో మా ఓపెన్ సోర్స్ (అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్) బ్యాచ్ కూర్చుంది, మాట్లాడాల్సింది ఒక్కటే ముక్క: కొత్తవాళ్లు డౌట్లు ఎక్కడ అడగాలి. రెండు రౌండ్ల ఇరానీ చాయ్, ప్లేటెడు ఉస్మానియా బిస్కెట్లు అయిపోయాయి గానీ సంగతి తేలలేదు. ఒకడు వాట్సాప్ అంటాడు, అందులో గ్రూపుకి 1024 మందే పడతారు, పైగా అందరి నంబర్లూ బయటపడతాయి. ఇంకొకడు డిస్కార్డ్ అనే చాట్ యాప్ అంటాడు, అక్కడ రాసింది గూగుల్‌లో వెతికితే దొరకదు. ఒక పెద్దాయనైతే 1988 నాటి ఐఆర్‌సీ అనే పాత చాట్ పద్ధతినే పట్టుకుని వేలాడుతున్నాడు.

చివరికి ఎవరినీ నొప్పించకుండా అన్నీ పెట్టేశారు!

ఇప్పుడు రాత్రి పదకొండింటికి నా ఫోన్ టింగుమంటుంది: "అన్నా, ఇన్‌స్టాల్ అయితలేదు." కింద లాప్‌టాప్ స్క్రీన్‌ని ఏటవాలుగా తీసిన ఫోటో, సరిగ్గా ఎర్రర్ ఉన్న లైన్ మీదే ట్యూబ్‌లైట్ వెలుగు. ఏ వెర్షన్ తమ్ముడూ అంటే "లేటెస్ట్ అన్నా" అట. ఇదే జవాబు మంగళవారం ఇంకో గ్రూపులో అరగంట కూర్చుని టైప్ చేశాను, అది ఈపాటికి గుడ్ మార్నింగ్ బొమ్మల కింద ఎక్కడో సమాధి అయిపోయి ఉంటుంది.

ప్రోగ్రామర్లు డౌట్లు అడుక్కునే సైట్ ఉంది, 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో, అందులో పాత జవాబులు ఇప్పటికీ వెతికితే దొరుకుతాయి కదా, అక్కడ అడగమందాం అన్నాను. "అక్కడ ప్రశ్న నచ్చకపోతే డౌన్‌వోట్లు కొడతారన్నా, పరువు పోతది" అన్నారు. (అదీ నిజమే, కాదనను.)

వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్ అట. ఎక్కడో ఏ గ్రూపులో చెప్పారో, ఇందాకటి నుంచి వెతుకుతున్నా.